ఆక్షేపణకు ముందే సమాధానం

సత్యం గొప్పదనాన్ని ఎంత విన్నా, దానిపై వచ్చే ఆక్షేపణను ఒక్కసారైనా వినని మనిషి తొలి ప్రశ్నకే తడబడతాడు. మన ఉపన్యాసాలలో కాలమంతా ఇస్లాం ఔన్నత్యాన్ని వర్ణించడానికే సరిపోతోంది. ప్రశ్నలను మాత్రం బయటివారికి వదిలేస్తున్నాం.

దివ్య ఖుర్ఆన్ మార్గం ఇది కాదు. మదీనాలో ముస్లిములు పదహారు, పదిహేడు నెలలపాటు బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి నమాజు చేశారు. హిజ్రీ 2వ సంవత్సరంలో ఖిబ్లా కాబా వైపుకు మారింది. అవివేకులు దీనిని ఆక్షేపించబోతారని అల్ బఖర 142వ ఆయత్ ముందే తెలిపి, తూర్పు పడమరలు రెండూ అల్లాహ్‌వేనన్న సమాధానాన్ని కూడా నేర్పింది. ముందే చెప్పడం దేనికి? హఠాత్తుగా తగిలే దెబ్బ ఎక్కువ బాధిస్తుందనీ, అవసరానికి ముందే సిద్ధమైన జవాబు ప్రతివాదిని త్వరగా నిలువరిస్తుందనీ 1144లో మరణించిన వ్యాఖ్యాత జమఖ్షరీ వివరించాడు.

అమెరికా మనస్తత్వవేత్త విలియం మెక్‌గ్వైర్ 1960 దశకం ఆరంభంలో దీనిని టీకాతో పోల్చి పరీక్షించాడు. భోజనం తర్వాత పళ్లు తోముకోవడం మంచిదన్న మాట వంటి, ఎవరూ కాదనని నమ్మకాలను తీసుకున్నాడు. కేవలం సమర్థన విన్నవారి కంటే, బలహీనమైన ఆక్షేపణను దాని ఖండనతో సహా విన్నవారే తర్వాతి దాడికి గట్టిగా నిలిచారు.

మన మధ్య దీని అవసరం ఎంతటిదో చూడండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల హాస్టళ్లలో జిల్లాల నుండి కోచింగ్ కోసం వచ్చిన యువకులు అన్ని మతాలవారితో కలిసి ఉంటారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి, అమాయకుల ప్రాణాలు పోయాయి. అటువంటి దినాన, “చంపమని మీ గ్రంథంలోనే లేదా?” అని తోటి విద్యార్థి తౌబా సూరా 5వ ఆయత్ చూపిస్తే మన బిడ్డ ఏమంటాడు? 4వ ఆయత్ ఒప్పందాన్ని పాటించినవారిని మినహాయించిందనీ, 6వ ఆయత్ శరణు కోరిన బహుదైవారాధకుణ్ణి సురక్షిత స్థలానికి చేర్చమన్నదనీ అతనికి ముందే తెలిసి ఉండాలి. అన్యాయంగా ఒక్క ప్రాణం తీయడం మానవజాతినంతటినీ చంపడంతో సమానమన్న అల్ మాయిదా 32వ ఆయత్ కూడా తెలిసి ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. ఆక్షేపణను వికృతం చేసి, పరిహసించి చెప్పరాదు. రేపు దాని అసలు రూపం విన్న యువకుడు మొదట గురువునే అనుమానిస్తాడు. ప్రశ్నను అడిగినవాని మాటల్లోనే చెప్పాలి. జవాబు తెలియనిచోట తెలియదనాలి.

మన బిడ్డలకు ఆ ప్రశ్న మొదట మన ఇంట్లో, మన మస్జిదులో వినిపించాలి. ఆ వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.