చూపు తగ్గిందా? ఫోనే చదివి చెబుతుంది
పిన్ నంబరు ఇంకొకరి చెవిన వేయనక్కర్లేదు

పీఎం కిసాన్ పైకం పడిందా, యార్డులో మిర్చి ధర ఎంత పలికింది, రేపు వాన ఉందా... ఇవన్నీ ఇప్పుడు ఫోనులోకే వస్తున్నాయి. అయితే యాభై దాటిన రైతుల్లో చాలామందికి చూపు మందగిస్తుంది. శుక్లాలు, షుగరు జబ్బు, నీటికాసులు... కారణం ఏదైనా తెర మీద అక్షరం ఆనదు. అప్పుడేం చేస్తున్నారు? "బాబూ, డబ్బులు పడ్డాయేమో కాస్త చూసిపెట్టు" అని కొట్టు దగ్గర కుర్రాడి చేతికి ఫోను ఇస్తున్నారు. ఫోనుతోపాటు పిన్ నంబరూ చెబుతున్నారు. బీరువా తాళం చెవి తీసి పరాయివాడి చేతిలో పెట్టడమంటే ఇదే.

దీనికి విరుగుడు ఫోనులోనే ఉంది. తెర మీద ఉన్నదాన్ని ఫోనే పైకి చదివి వినిపించే ఏర్పాటు అది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు టాక్‌బ్యాక్. ఐఫోన్లలో వాయిస్‌ఓవర్. రెండూ 2009లోనే వచ్చాయి. డబ్బు కట్టక్కర్లేదు. అయినా మన పల్లెల్లో దీని సంగతి తెలిసినవారు తక్కువ. చిన్న రైతుల చేతుల్లో ఎక్కువగా ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి టాక్‌బ్యాక్ గురించే ఇక్కడ చెప్పుకుందాం.

ముందు కంటి పరీక్ష

ఫోను మాట్లాడుతుంది కదా అని కంటిని అశ్రద్ధ చేయొద్దు. 2015-19లో జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు పైబడిన వారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలేనని తేలింది. శుక్లాలకు ఆపరేషను ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆపరేషను అయ్యేదాకా, లేదా ఇక చూపు రాదని డాక్టరు చెప్పినప్పుడు టాక్‌బ్యాక్ అక్కరకొస్తుంది.

కొంచెం చూపు ఉన్నవారికి ఇంకా తేలిక దారి ఉంది. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకోవచ్చు. 'సెలెక్ట్ టు స్పీక్' అనేది ఆన్ చేసుకుంటే, కావలసిన చోట తట్టినప్పుడు అంతవరకే చదువుతుంది. మిగతా ఫోను ఎప్పటిలాగే పనిచేస్తుంది.

మొదలుపెట్టడం ఇలా

మొదటిసారి ఇంట్లో చూపున్న వారిని ఒకరిని దగ్గర పెట్టుకోవాలి.

ముందుగా తెలుగు గొంతు దించుకోవాలి. సెట్టింగ్స్‌లో 'టెక్స్ట్ టు స్పీచ్' అనే చోట గూగుల్ వారి గొంతును ఎంచుకుని, భాష తెలుగు పెట్టాలి. తెలుగు గొంతు ఒకసారి ఫోనులోకి దిగితే తర్వాత చదవడానికి నెట్ అక్కర్లేదు. చదివే వేగం కూడా అక్కడే తగ్గించుకోవచ్చు. కొత్తలో నెమ్మదిగా పెట్టుకోవడం మేలు.

తర్వాత సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ'లోకి వెళ్లాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది 'అదనపు సెట్టింగ్స్' లోపల ఉంటుంది. అక్కడ టాక్‌బ్యాక్ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేయకముందే 'షార్ట్‌కట్' ఆన్ చేసి, వాల్యూమ్ బటన్లను ఎంచుకోవాలి. ఇది మరవొద్దు. ఆ తర్వాత సౌండు పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ వస్తుంది. మళ్లీ అలాగే నొక్కితే పోతుంది.

ఈ జాగ్రత్త ఎందుకంటే, టాక్‌బ్యాక్ ఆన్ అయ్యాక ఫోను మునుపటిలా మాట వినదు. ఒకసారి తడితే తెరుచుకోదు, పేరు మాత్రం చెబుతుంది. ఒక వేలితో జరిపితే తెర జరగదు. ఫోను పాడైందేమోనని కంగారుపడి చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పాడవలేదు, పద్ధతి మారిందంతే.

గుర్తుంచుకోవాల్సిన కదలికలు

- ఒక వేలు తెర మీద ఆనిస్తే, వేలి కింద ఏముందో చెబుతుంది.
- వేలిని కుడికి జరిపితే తర్వాతది, ఎడమకు జరిపితే ముందుది చదువుతుంది.
- కావలసిన పేరు వినగానే రెండుసార్లు చకచకా తట్టాలి. అప్పుడే తెరుచుకుంటుంది.
- తెర పైకీ కిందికీ జరగాలంటే రెండు వేళ్లు ఆనించి జరపాలి.
- వేలు కిందికి లాగి, ఎత్తకుండా ఎడమకు తిప్పితే వెనక్కి వెళ్తుంది.
- వేలు పైకి జరిపి, ఎత్తకుండా ఎడమకు తిప్పితే మొదటి తెరకు వస్తుంది.
- చదవడం ఆపాలంటే రెండు వేళ్లతో ఒకసారి తట్టాలి. ఇది కొత్త ఫోన్లలో ఉంటుంది.

మొదటి మూడూ వస్తే చాలావరకు పనులు నడుస్తాయి. మిగతావి నిదానంగా పట్టుబడతాయి. తడి చేతులతో, మట్టి వేళ్లతో చేస్తే తెర సరిగా అందుకోదు. చేయి తుడుచుకుని మొదలుపెట్టాలి.

రోజువారీ పనుల్లో

ఫోను మాట్లాడటం: కాల్ రాగానే చేసినవారి పేరు చదువుతుంది. కొత్త ఫోన్లలో రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ కలుస్తుంది. మాట్లాడాక మళ్లీ అలాగే తడితే ఆగుతుంది.

బ్యాంకు మెసేజ్: ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తుంది. రెండు మాటలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్లే. 'క్రెడిటెడ్' అంటే ఖాతాలో జమైంది. 'డెబిటెడ్' అంటే ఖాతాలోంచి పోయింది. సరుకు అమ్మిన సొమ్ము పడిందో లేదో ఇంకొకరిని అడగకుండానే తెలుసుకోవచ్చు.

వాట్సాప్: అక్షరాల్లో పంపినదాన్ని చదువుతుంది. గొంతుతో పంపినదాన్ని ఆడిస్తుంది. మీరు మాట్లాడి పంపాలంటే మైకు బటన్ పేరు వినగానే రెండుసార్లు తట్టాలి. రెండోసారి వేలు ఎత్తకుండా పట్టుకుని మాట్లాడాలి. చిక్కల్లా ఫొటోలతోనే. యార్డు ధరల పట్టికను, వ్యవసాయ శాఖ సూచనను ఫొటో తీసి గ్రూపుల్లో పెడుతుంటారు. వాటి మీదున్న అక్షరాలను టాక్‌బ్యాక్ సరిగా చదవలేదు. ధరలు పెట్టేవారు ఒక్క ముక్క గొంతుతో కూడా చెబితే చూపులేని రైతుకూ అందుతుంది. రైతు సంఘాల గ్రూపులు నడిపేవారు ఇది గమనించాలి.

డబ్బు పంపడం: నంబరు కొట్టాక అవతలివారి పేరు తెర మీదకు వస్తుంది. ఆ పేరును, మొత్తాన్ని వేలు జరిపి రెండుసార్లు వినాలి. అంకె తప్పు పడితే వెయ్యి పదివేలవుతుంది. సరిగ్గా ఉన్నాకే పిన్ కొట్టాలి. పిన్ కొట్టేటప్పుడు ఫోను అంకెలు పైకి చెప్పే వీలుంది కాబట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం తప్పనిసరి. నలుగురిలో ఉన్నప్పుడు ఓటీపీ వచ్చినా ఇదే జాగ్రత్త. డబ్బు పంపడానికి, ఖాతాలో నిల్వ చూడటానికి పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. రావడానికి పిన్ కొట్టమన్నాడంటే వాడు మోసగాడే.

దొంగ యాప్‌లతో భద్రం

పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తుంటాయి. వాటిని తెరవొద్దు. ఇలాంటి వాటిలో కొన్ని ఫోనులోకి దిగాక 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. టాక్‌బ్యాక్ తెర మీది అక్షరాలు చదవగలిగేది ఈ అనుమతితోనే. అదే అనుమతి దొంగ యాప్‌కు ఇస్తే మన మెసేజ్‌లన్నీ అదీ చదువుతుంది. చాలా ఫోన్లలో టాక్‌బ్యాక్ కొన్నప్పుడే ఉంటుంది. లేకపోతే ప్లేస్టోర్‌లోనే దించుకోవాలి. ఎవరో పంపిన లింకుతో వద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఫోను మీద వదలకూడనివి

పురుగుమందు డబ్బాను ఫోను చెప్పిందని నమ్మి వాడొద్దు. మందు పేరు, మోతాదు చూపున్నవారితో చదివించుకోవాల్సిందే. డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతను తెలుపుతాయి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం. కలుపు మందును, పురుగుమందును ఒకే చోట పెట్టొద్దు.

నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020లో 'మణి' అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంత నోటో చెబుతుంది. అది మంచి నోటా, దొంగ నోటా అన్నది మాత్రం చెప్పదు.

కొన్ని యాప్‌లలో బటన్ల మీదకు వేలు వెళ్తే 'బటన్' అని మాత్రమే పలుకుతుంది, పేరు చెప్పదు. చాలాచోట్ల టాక్‌బ్యాక్ మెనూలో 'లేబుల్' పెట్టుకునే వీలుంది. ఇంట్లో పిల్లలతో ఒకసారి పేరు పెట్టించుకుంటే తర్వాత ఆ పేరే చదువుతుంది.

అడగడం మీ హక్కు

కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమంటారు. చూపులేని వారికి ఇది పెద్ద అడ్డంకి. దీని మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. వికలాంగులకు, చూపులేని వారికి వీలయ్యేలా కేవైసీ పద్ధతులు మార్చాలని ఆదేశించింది. కాబట్టి "నీ ముఖం తీసుకోవడం లేదు పెద్దాయనా, పో" అని ఎవరైనా పంపేస్తే ఊరుకోవద్దు. పీఎం కిసాన్ కేవైసీకి ఓటీపీ, వేలిముద్ర, ముఖం... మూడు దారులున్నాయి. ఒకటి కాకపోతే ఇంకొకటి అడగాలి.

ఎలా నేర్చుకోవాలి?

ఒక్క రోజులో రాదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కూర్చోవాలి. మొదటి వారం పేర్లు వినడం, తెరవడం మాత్రమే చేయాలి. రెండో వారం కాల్స్, మెసేజ్‌లు. అవి చేయి తిరిగాకే డబ్బు జోలికి వెళ్లాలి. అప్పుడు కూడా ముందు ఇంట్లోవారికి పది రూపాయలు పంపి చూసుకోవాలి. పిల్లలు పక్కన కూర్చుని చెప్పాలే గానీ ఫోను లాక్కుని చేసిపెట్టకూడదు. చేసిపెడితే పెద్దవాళ్లకు ఎప్పటికీ రాదు.

బటన్ల ఫోను ఉన్నవారికి 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఉంది. వివరాలు బ్యాంకులో అడగాలి. పంట సందేహాలకు ఏ తెరా చూడక్కర్లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే అడగొచ్చు. కాల్ ఎలా చేయాలో నేర్చుకున్నాక ఈ నంబరుతోనే సాధన మొదలుపెడితే రెండు పనులూ అవుతాయి.