అట్టచెక్క గిటారు పలుకు

గత సంవత్సరపు వార్షికోత్సవమునకు ముందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన గిటారును నాయొద్దకు తెచ్చి చూపెను. పలుచని ప్లైవుడ్డుతో చేసిన చౌక వాద్యమది. "నాయనా, ఇది ఆటబొమ్మయే గాని వాద్యము గాదు. మంచి కఱ్ఱతో చేసినది దొరికినప్పుడు రమ్ము" అని చెప్పి పంపివేసితిని. వాడు మాఱు పలుకక వెడలిపోయెను. మరల గిటారుతో నాకు కనబడలేదు. నేనన్న మాట తప్పని నాకు తెలియవచ్చుటకు పది మాసములు పట్టినది.

వేసవి సెలవులలో మన పూర్వ విద్యార్థి యొకరు అమెరికానుండి వచ్చి, తాము తెచ్చిన విద్యుత్ గిటారును మూడు వారములు నాయింట నుంచిరి. దాని పేరు డాన్‌ఎలెక్ట్రో. 1950 తరువాతి సంవత్సరములనాటి మాదిరిని అనుసరించి ఇటీవల చేయబడినది. చేత బట్టగానే తేలికగా నున్నది. బరువు ఇంచుమించు మూడు కిలోగ్రాములు మాత్రమే. వ్రేలితో ముందుపలకను తట్టగా, పరీక్షలనాడు మన పిల్లలు కాగితముక్రింద పెట్టుకొను అట్టవలె టక్కుమని మ్రోగెను. నాకు నవ్వు వచ్చినది. పిదప విచారింపగా అది నిజముగా ఆ జాతి అట్టయే! కఱ్ఱ పేళ్లను ఆవిరి ఒత్తిడిచే పీచుగా చేసి, ఆ పీచును వేడితో అదిమి చేయు ఈ పలకను 1924లో విలియం మేసన్ అను నతడు మిసిసిపీ రాష్ట్రమున కనిపెట్టెను. అతని పేరనే దానిని మేసొనైటు అందురు. చుట్టును తేలిక కఱ్ఱతో చట్టము కట్టి, ముందువెనుకల ఈ పలకలను అతికించి, అంచు కనబడకుండ పట్టీ యంటింతురు. లోపల చాలవఱకు బోలు. బొబ్బిలి వీణను ఒకే పనసమానునుండి తొలిచి ఏకాండిగా చేయుట నెఱిగిన మనవారికి ఈ పని పిల్లల చేతిపనివలె దోచుట సహజమే.

దీనిని కల్పించిన నేథన్ డేనియల్ 1912లో న్యూయార్కునందు జన్మించెను. అతడు 1947లో న్యూజెర్సీలోని రెడ్ బ్యాంకున డాన్‌ఎలెక్ట్రో సంస్థను స్థాపించి, మొదట ధ్వనివర్ధక యంత్రములను, 1954 నుండి గిటారులను చేసెను. వానిలో అనేకములు సియర్స్ అను పెద్ద వర్తక సంస్థ తన జాబితా పుస్తకముద్వారా సిల్వర్‌టోన్ అను పేరుతో అమ్మినవే. 1960 తరువాత గిటారు పెట్టె మూతలోనే చిన్న ధ్వనివర్ధకమును అమర్చి యిచ్చిరి. పెద్ద వాద్యమును కొనజాలని యింటి బిడ్డకు పెట్టె తెఱచినంతనే వాద్యమును సభయు సిద్ధము!

విద్యుత్ గిటారునకు ప్రాణము తీగెలక్రింద నుండు గ్రాహకము. నిడుపాటి అయస్కాంతపు కడ్డీచుట్టును సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టుదురు. పైన ఉక్కుతీగె కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగిచుట్టలో స్వల్ప విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే యిది. పై తరగతులవారు చదివియుందురు. ఈ చుట్టను దాచుటకు తొడుగు కావలసివచ్చినప్పుడు, డేనియల్ స్త్రీలు పెదవులకు రంగు పూసికొను లిప్‌స్టిక్కు గొట్టములను కొని, రెండింటిని ఎదురెదురుగా చేర్చి, నడుమ చుట్టనుంచెను. గొట్టము ఇత్తడిది గనుక అయస్కాంతశక్తి దానిగుండ అడ్డులేక పోవును. మీద తళతళలాడు పూత. నేటికిని ఆ గ్రాహకమునకు లిప్‌స్టిక్కు గ్రాహకమనియే పేరు.

ఇక పలుకునుగూర్చి. మొదటి దినమున నేను మంద్రతంత్రిని మీటి ఉలికిపడితిని. బరువైన మ్రోత వచ్చునని యెదురుచూచితిని. వచ్చినది కంచుగంట అంచును గోటితో మీటినట్టి తేటయైన పలుకు. మొదట చురుకుగా తగిలి, పిదప మెత్తబడి, త్వరగా సన్నగిల్లును. ఆఱు తీగెలను ఒక్కమాఱు మీటినను స్వరములు కలగాపులగము గాక దేనికది వినబడును. గ్రాహకము తీగె కదలికనే గాని చెక్క మ్రోతను వినదు, నిజమే. అయినను తీగె కొనలు ఎచ్చట ఆనుచున్నవో అచ్చటినుండి దాని బలము కారిపోవుచుండును. దీని గుఱ్ఱముమీద తీగెల నానించునది చిన్న రోజువుడ్డు ముక్క, పలక తేలిక, అందుచే నాదము చిరకాలము నిలువదు. తలవైపు తీగెలు అల్యూమినియపు పట్టీపై నానుచున్నవి. కావున వ్రేలు నొక్కక మీటిన స్వరమునకును, మెట్టుపై నొక్కి మీటిన స్వరమునకును లోహపు మెఱుపు ఒక్కటియే. వీణ వాయించువారు ఈ సామ్యమును వెంటనే గుర్తింతురు.

దీనికి గ్రాహకములు రెండు. ఒకటి గుఱ్ఱము చెంతను, రెండవది దండివైపునను గలవు. గుఱ్ఱముదగ్గఱిది గుచ్చునట్లు పలుకును. దండివైపుది ఇంపుగా నుండును. మీటను నడుమకు త్రిప్పినయెడల రెండును కలసి పలుకును. ఈ వాద్యపు విశేషమంతయు నచ్చటనే యున్నది. ఇతర గిటారులలో పెక్కింట రెండు గ్రాహకములను సమాంతరముగా కలుపుదురు. డేనియల్ శ్రేణిగా కలిపెను. చేతిదీపములో రెండు ఘటములను ఒకదానివెనుక నొకటి పెట్టినప్పుడు వెలుగు హెచ్చినట్లే, ఇచ్చటను ఒకదాని శక్తి రెండవదానికి తోడై నాదము నిండుగా, బిగ్గరగా లేచును. ఆ మీట త్రిప్పినప్పుడు నాచేతిలోని వస్తువే మాఱినట్లు తోచెను. నవ్వు నాకు ఆ క్షణమున పోయినది.

లోపములు లేవనను. గుఱ్ఱము ఒకే ముక్క గనుక ఒక్కొక్క తీగెను వేఱువేఱుగా సవరింప వీలులేదు. పై మెట్లలో తీగెలు కూడిన స్వరములు కొంచెము అపశ్రుతి బోవును. ఇంటి విద్యుత్తు గుయ్యిమను మ్రోతయు వెంటబడును. కూర్చున్నవాడు ఒకవైపునకు తిరుగగా అది తగ్గును. మా యింట తూర్పుమొగముగా కూర్చున్నప్పుడు చాలవఱకు అణగినది. ఇందులో ఆచారమేమియు లేదు, తీగెల పొందికయే కారణము.

ఈ సంస్థవారి మఱొక వాద్యము మనకు ప్రత్యేకముగా తెలియదగినది. 1965లో జార్జి హారిసన్ బీటిల్సు బృందములో సితారు వాయించినపిమ్మట ఆ నాదముపై పాశ్చాత్యులకు మక్కువ కలిగెను. అభ్యాసమునకు ఓపిక మాత్రము కొందఱికే. అందుచే న్యూయార్కు వాదకుడు విన్సెంట్ బెల్ సాయమున 1967లో కోరల్ అను పేరుతో విద్యుత్ సితారు వెలువడినది. దానిలోను లిప్‌స్టిక్కు గ్రాహకములే. ప్రక్కన పదుమూడు అనునాద తంత్రులు. గుఱ్ఱమును ఇంచుమించు చదునుగా చేయుటచే తీగె దానిని రాచికొనుచు జుమ్మనును. మన తంబురాకు గుఱ్ఱముపై దారపుపోగు జొనిపి జీవాళి పుట్టించు ఉపాయమునకు ఇది దూరపు చుట్టము. అది సితారు గాదని నా యభిప్రాయము. తీగెను ప్రక్కకు లాగి అనేక స్వరములను పలికించు విద్య అందు సాగదు. అయినను దాని కొక సొంత గొంతు గలదు.

నాదము నిలువవలెనన్నచో గట్టి కఱ్ఱ దిమ్మెయే మేలు. మన పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ గారు దీర్ఘమైన గమకములకొఱకు విద్యుత్ మాండొలినును గైకొని, నాలుగు జంట తీగెలకు బదులు ఐదు ఒంటి తీగెలను అమర్చుకొనిరి. ఆయనకు డాన్‌ఎలెక్ట్రో పలుకు చాలియుండదు. చటుక్కున తగిలి తొలగిపోవు పలుకు కావలసినవారికి శ్రీనివాస్ గారి వాద్యము చాలదు.

డేనియల్ సంస్థను 1966లో ఎం.సి.ఏ. అను కంపెనీ కొనెను. 1969లో కర్మాగారము మూతబడినది. ఆయన 1994లో మరణించెను. గత శతాబ్దపు చివరి సంవత్సరములనుండి వేఱొకరు ఆ పేరుతోనే మరల వీనిని చేయుచున్నారు. అట్టచెక్కకు బదులు మంచి కఱ్ఱ పెట్టవచ్చును గదా యని మిత్రుని అడిగితిని. "అయ్యా, అప్పుడది ఇట్లు పలుకదు" అని ఆయన బదులు చెప్పిరి.

పాఠశాల తెఱచినపిమ్మట ఆ బాలుని పిలిపించి గిటారు ఏమైనదని యడిగితిని. తీగెలు త్రుప్పుపట్టగా అటకపై పెట్టితిమనియు, చెల్లెలు దానిలో గోలీలు వేసినదనియు చెప్పెను. శనివారమున తెమ్మంటిని. గోలీలు పదునొకండు బయటపడినవి. క్రొత్త తీగెలు వేసి, గుఱ్ఱముక్రింద పోస్టుకార్డు ముక్క పెట్టి ఎత్తు సరిచేసితిమి. మూడవ తీగె ఐదవ మెట్టుదగ్గఱ ఇంకను జుమ్మనుచున్నది. దానిని అట్లే యుంచుదుమని బాలుడనుచున్నాడు.