మనస్సునకు మారుప్రతి

శంకరాచార్యులవారు ఉభయభారతి అడిగిన కామశాస్త్రప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పుటకై, మృతుడైన అమరుకమహారాజు దేహమున ప్రవేశించిన గాథ, తెలుగునాట పురాణకాలక్షేపములకు చెవియొగ్గినవారెవ్వరికిని క్రొత్తది కాదు. ఆ కథయందు నా మనస్సు ఎల్లప్పుడును రాజుగారి అంతఃపురముమీద కాక, గుహలో శిష్యులు కాపు కాయుచుండిన ఆచార్యులవారి నిర్జీవకళేబరముమీదనే నిలుచును. జీవుడు అక్కడికి పోయినచో ఇక్కడ లేడు. ఇక్కడికి మరలినచో అక్కడ లేడు. పాశ్చాత్య విజ్ఞానకల్పనా నవలాకారులు గడచిన డెబ్బదియేండ్లుగా కల్పించుచున్న పరకాయప్రవేశములో తప్పినది ఈ లెక్కయే.

వారి ఊహ ఇట్టిది: మనుష్యుని మెదడులోని నాడీకణములన్నింటిని, వానికి పరస్పరముగల సంధులతో సహా కొలిచి, ఆ కొలతలను కంప్యూటరునకెక్కించి, ఆ కణములు చేయు పనినే యంత్రముచేత గణితరూపమున చేయించినచో, ఆతని జ్ఞాపకములును, రాగద్వేషములును, తుదకు 'నేను' అను భావమును ఆ లెక్కలలోనే మేల్కొనును. ఆర్థర్ క్లార్కు 1956లో వెలువరించిన 'ది సిటీ అండ్ ది స్టార్స్' నవలయందు డయాస్పర్ నగరవాసులు వేయేండ్లు జీవించి, నగరపు స్మృతికోశములలో యుగములకొలది నిద్రించి, మరల నూతనదేహములతో నడచి వత్తురు. ఇది మన పునర్జన్మకు దగ్గరి చుట్టము. పూర్వజన్మస్మృతి తిరిగివచ్చుట అదనపు సదుపాయము. రోజర్ జెలాజ్నీ 1967నాటి 'లార్డ్ ఆఫ్ లైట్'లో మన దేవతల పేర్లనే ఎత్తుకొనిపోయి, మనస్సును దేహమునుండి దేహమునకు మార్చు యంత్రము చేజిక్కించుకొన్నవారు దేవుళ్లుగా చెలామణియగుటను చిత్రించెను.

1984లో విలియం గిబ్సన్ 'న్యూరోమాన్సర్'తో ఈ సాహిత్యపు ధోరణి మారినది. అందు, మరణించిన ఒక కంప్యూటరు చోరుని మనస్సు జ్ఞాపకఫలకమున భద్రపరచబడియుండును. కేస్ అను శిష్యుడు దానిని యంత్రమునకు తగిలించి పలుకరించును. విద్యుత్తు ఆపి, మరల ఇచ్చి పలుకరించినచో క్షణముక్రిందటి సంభాషణయే దానికి జ్ఞప్తికి రాదు. బ్రతికినన్నాళ్ల పాతజ్ఞాపకమంతయు ఉన్నది. క్రొత్తది ఒక్కటియు అంటదు. పని ముగిసినపిమ్మట ఆ గురువు కోరు కూలి ఒక్కటే: తన్ను పూర్తిగా తుడిచివేయవలెను.

ఈ విషయమును అడుగంట త్రవ్వినవాడు మాత్రము ఆస్ట్రేలియా రచయిత గ్రెగ్ ఈగన్. 1994లో వెలువడిన అతని 'పెర్ముటేషన్ సిటీ'లో పాల్ డర్హామ్ తన మనస్సునకు తానే ప్రతి తీయును. ఆ ప్రతి కన్ను తెరచుటతో కథ మొదలగును. జ్ఞాపకములన్నియు తనవే, అయినను తాను ప్రతినని దానికి తెలియును. (అది అని వ్రాయుటయా, అతడు అని వ్రాయుటయా అను సందేహము నాకు ఈ వాక్యమునందే పుట్టినది, నవల చదువునంతసేపును అది తీరదు.) మునుపు తీసిన నాలుగు ప్రతులును ఆ బ్రతుకును సహింపలేక తమ్ము తామే ఆపివేసికొన్నవి. ఐదవదియు ఆ త్రోవనే వెదకును, త్రోవ మూయబడియున్నది. మూసినవాడు బయటనున్న డర్హామే. శంకరుల శిష్యులు శరీరమునకు కావలియుండిరి. ఇక్కడ శరీరధారియే మనస్సునకు చెరసాల అధికారియైనాడు.

ఈ లోకమున ధనవంతుని ప్రతి సైతము మనకంటె 17 రెట్లు మందముగానే ఆలోచించును. బీదవాని ప్రతికి, యంత్రకాలము చౌకగా దొరకినపుడే ఆలోచన. చచ్చినను అద్దె తప్పలేదన్నమాట! పీర్ అను ప్రతి, విసుగును జయించుటకై తన అభిరుచులనే యంత్రముచేత మార్పించుకొనుచు, ఒకానొకదశలో బల్లకోళ్లు చెక్కుటయే పరమానందమని భావించి లెక్కలేనన్ని కోళ్లు చెక్కుచుండును. స్వర్గసుఖమునకు ఇంతకంటె భయంకరమైన వ్యాఖ్యానమును నేను చదువలేదు. డర్హామ్ తన ప్రతిచేత ఒకటినుండి పదివరకు లెక్కపెట్టించి, ఆ క్షణములను యంత్రమున వరుస తప్పించి గణించినను, ప్రతికి లెక్క వరుసగానే తోచును. విశ్వమున చెదరియున్న ధూళిలోనే మనస్సు తన్ను తాను కూర్చుకొనగలదని అతడు దీనినుండి తీయు సిద్ధాంతము నాకు మ్రింగుడుపడలేదు. దానిని ఖండించుటయు నాచేత కాలేదు.

ఇక ప్రయోగశాలల సంగతి. మనుష్యుని మెదడులో నాడీకణములు సుమారు 8,600 కోట్లు. సి. ఎలిగాన్స్ అను మిల్లీమీటరు పొడవుగల పురుగునకు 302. ఆ 302 కణముల సంధులపటము 1986లోనే అచ్చయినది. ఆ పురుగు నడవడిని సంపూర్ణముగా యంత్రమున మేల్కొల్పుట నేటికిని సాధ్యపడలేదు.