లాగ్ సరే... ఏ లాగ్?

వందకి లాగ్ ఎంత? ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లెవరైనా తడుముకోకుండా 'రెండు' అనేస్తారు. అదే ప్రశ్న 'మాక్సిమా' అనే గణిత సాఫ్ట్‌వేర్‌ని అడిగి, జవాబు దశాంశాల్లో కావాలంటే 4.605 అంటుంది. విచిత్రం ఏంటంటే, రెండూ సరైన జవాబులే!

తేడా అంతా ఆధారంలో ఉంది. ఆధారాన్ని ఎన్నో ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో అదే దాని సంవర్గమానం... మనం వాడుకలో లాగ్ అనేది. పదిని పదితో గుణిస్తే వంద కాబట్టి పది ఆధారంగా జవాబు 2. గణితంలో 'ఇ' అని పిలుచుకునే 2.718 ఆధారమైతే 4.605. రెండు ఆధారమైతే 6.644.

ఆధారం ఏదైనా కావచ్చన్న ఆలోచన మన దేశానికి కొత్తేం కాదు. 9వ శతాబ్దపు జైన పండితుడు వీరసేనుడు తన 'ధవళ' వ్యాఖ్యానంలో 'అర్ధచ్ఛేదం' గురించి రాశాడు. ఒక సంఖ్యని ఎన్నిసార్లు సగం చేయొచ్చో అదే అర్ధచ్ఛేదం. 32ని సగం చేసుకుంటూ పోతే 16, 8, 4, 2, 1... అయిదుసార్లు. మూడో వంతు చేసుకుంటూ పోతే త్రికచ్ఛేదం, నాలుగో వంతు అయితే చతుర్థచ్ఛేదం. అంటే రెండు, మూడు, నాలుగు ఆధారాలుగా సంవర్గమానాలన్నమాట!

లెక్కలు సులువు చేసే పట్టికలు మాత్రం యూరప్‌లో పుట్టాయి. స్కాట్లాండ్‌కి చెందిన జాన్ నేపియర్ 1614లో తొలి పట్టిక అచ్చువేయించాడు. అది చూసి ముచ్చటపడ్డ హెన్రీ బ్రిగ్స్ మరుసటి ఏడాది లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లి మరీ ఆయన్ని కలిశాడు. పది ఆధారంగా చేస్తే మేలని ఇద్దరూ ఒప్పుకొన్నారు. ఎందుకంటే 2కి 0.3010 అని తెలిస్తే చాలు, 20కి 1.3010, 200కి 2.3010 అని చెప్పేయొచ్చు. ఆ తర్వాత బ్రిగ్స్ చేసింది మామూలు పని కాదు. ఏకంగా 30 వేల సంఖ్యలకు, 14 దశాంశ స్థానాల దాకా చేత్తో లెక్కకట్టి 1624లో పుస్తకం తెచ్చాడు. పరీక్ష హాల్లో మనవాళ్లు తిరగేసిన నాలుగంకెల లాగ్ టేబుల్ దానికి వారసురాలే.

మరి వేరే ఆధారం కావాలంటే ఇంకో పుస్తకం కొనాలా? అక్కర్లేదు. భాగిస్తే సరిపోతుంది. రెండు ఆధారంగా 8 లాగ్ కావాలంటే, 8 లాగ్‌ని 2 లాగ్‌తో భాగించాలి. టేబుల్ ప్రకారం 0.9031ని 0.3010తో భాగిస్తే 3.0003. అసలు జవాబు 3. ఆ చివర మిగిలింది టేబుల్ అంకెల్ని కుదించిన ఫలితం.

కంప్యూటర్‌కీ ఈ తిప్పలు తప్పవు. పైథాన్ భాషలో పది ఆధారంగా వెయ్యికి లాగ్ అడిగితే కొన్నిసార్లు 2.9999999999999996 అని వస్తుంది. మాక్సిమా లాంటివి అక్కరకొచ్చేది ఇక్కడే. అవి అంకెలకు బదులు గుర్తులతోనే బీజగణితం చేస్తాయి. '8 లాగ్ బై 2 లాగ్' అని ఇస్తే మాక్సిమా తొందరపడి దశాంశాల్లోకి దిగదు, అలాగే ఉంచుతుంది. 'రాడ్‌క్యాన్' అనే ఆదేశంతో సూక్ష్మీకరించమంటే నిఖార్సైన 3 ఇస్తుంది. 1968లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన 'మాక్సిమా'ని... కాదు, దాని మాతృక 'మాక్‌సిమా'ని టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం షెల్టర్ ఏళ్లతరబడి కాపాడి, 1998లో అనుమతి సాధించి అందరికీ ఉచితం చేశారు.

ఇంత చేసే ఆ సాఫ్ట్‌వేర్‌లో పది ఆధారంగా లాగ్ కట్టే సూత్రం ముందే అమర్చి ఉండదు! అందులో లాగ్ అంటే 'ఇ' ఆధారమే. ఆ సంగతి, పది ఆధారం కావాలంటే 10 లాగ్‌తో భాగించే సూత్రాన్ని మనమే రాసుకోవచ్చన్న సలహా, రెండూ దాని మాన్యువల్‌లో ఉంటాయి. ఒకటి రెండు వాక్యాలే. చదవకపోతే? మంచినీళ్ల పీహెచ్ దాదాపు 7 అని బడిపిల్లలకీ తెలుసు. పది ఆధారం స్థానంలో 'ఇ' వాడితే అది 16.1 అవుతుంది. పీహెచ్ గనక అనుమానమొచ్చి ఆగుతాం. తెలియని లెక్కలో జవాబు 2.3 రెట్లు పెరిగితే పట్టుకునేదెవరు?

ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో దారి కూడా. ఎక్సెల్ షీట్‌లో లాగ్ అంటే పది ఆధారం. అదే ఎక్సెల్‌లో మాక్రో రాస్తే లాగ్ అంటే 'ఇ' ఆధారం. మాథమెటికాలో ఆధారం ముందు రాయాలి, పైథాన్‌లో తర్వాత రాయాలి. 2, 8 అని అదే వరసలో ఇస్తే మొదటిది 3 అంటుంది, రెండోది 0.333 అంటుంది. ఎక్కడా ఎర్ర గీత రాదు, హెచ్చరిక ఉండదు.

కొత్త సాఫ్ట్‌వేర్ చేతికొస్తే ముందు వందకి లాగ్ అడిగి చూడండి. 2 వస్తే పది ఆధారం, 4.605 వస్తే 'ఇ', 6.644 వస్తే రెండు. పిల్లల ప్రాజెక్టులకైతే ఏ ఆధారం వాడారో కాగితం మీద పక్కనే రాయించండి.