కంప్యూటర్‌ పోలేదు... కరెంటే అందట్లేదు!

స్విచ్‌ వేస్తే చప్పుడు లేదు. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన కంప్యూటర్‌ ఇవాళ ఉలుకూపలుకూ లేకుండా పడి ఉంటుంది. 'ఇక కొత్తది కొనాల్సిందే' అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. కానీ చాలాసార్లు ఇలాంటప్పుడు పోయేది కంప్యూటర్‌ కాదు, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌. అది మారిస్తే యంత్రం మళ్లీ లేచి కూర్చుంటుంది. కాకపోతే ఒక్క చిక్కు! అసెంబుల్డ్‌ కంప్యూటర్‌లో అరగంటలో అయిపోయే ఈ పని, బ్రాండెడ్‌ డెస్క్‌టాప్‌లో అంత తేలిక కాదు. తెలియక ఏదో ఒకటి బిగిస్తే బాగున్న మదర్‌బోర్డు కూడా కాలిపోవచ్చు.

అసలు అదేం చేస్తుంది?

గోడ ప్లగ్గులోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. కంప్యూటర్‌ భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఆ మార్పిడి చేసి పెట్టేదే ఎస్‌ఎంపీఎస్‌. మామూలు రకాల్లో పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు వస్తాయి. నలుపు గ్రౌండ్‌. వేడి, దుమ్ము, కరెంటు హెచ్చుతగ్గులు... అన్నీ దీనిమీదే పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి కెపాసిటర్లు ఉబ్బి పని మానేస్తాయి.

చూడ్డానికి ఒకటే... కానీ!

ఇంటెల్‌ 1995లో ఏటీఎక్స్‌ అనే ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం ఎస్‌ఎంపీఎస్‌ వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86, లోతు సాధారణంగా 140. వెనక నాలుగు స్క్రూలు. మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్‌కి మొదట్లో 20 పిన్నులు ఉండేవి, తర్వాత 24 అయ్యాయి. అసెంబుల్డ్‌ కంప్యూటర్లన్నీ దాదాపు ఇదే పద్ధతి. ఏ కంపెనీది తెచ్చినా కుదురుతుంది.

బ్రాండెడ్‌ వాటి దారి వేరు. సన్నటి క్యాబినెట్లలో ఏటీఎక్స్‌ పట్టదు. కొన్నింటిలో టీఎఫ్‌ఎక్స్‌ అనే పొడుగాటి రకం ఉంటుంది. వెడల్పు 85, ఎత్తు 65, పొడవు 175 మిల్లీమీటర్లు. ఇంకొన్నింటిలో కంపెనీ సొంతంగా చేయించుకున్న ఆకారమే. కనెక్టర్లూ అంతే. డెల్‌ ఆఫీసు డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో 8 పిన్నులు, హెచ్‌పీలో 6, లెనోవోలో 10 లేదా 14 కనిపిస్తాయి.

పిన్నులు తేడాగా ఉంటే నయం, అసలు ఎక్కదు కాబట్టి ప్రమాదం తప్పుతుంది. ఎక్కితేనే భయం! 1998 నుంచి కొన్నేళ్లపాటు డెల్‌ తన డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో వాడిన కనెక్టర్‌ అచ్చం ఏటీఎక్స్‌లాగే ఉండేది. లోపల తీగల వరస మాత్రం వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్‌ తగిలిస్తే చక్కగా కూర్చునేది... స్విచ్‌ వేస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం!

ఆఫీసులు మార్చేసిన బ్రాండెడ్‌ డెస్క్‌టాప్‌లే సెకండ్‌హ్యాండ్‌లో ఇళ్లకు చేరుతుంటాయి. పిల్లల చదువుకని తక్కువ ధరలో కొన్నవాళ్లకు ఈ సంగతి తెలియడం అందుకే ముఖ్యం.

కొనేముందు...

ముందు ప్లగ్గు, పవర్‌ కేబుల్‌, వెనకనున్న స్విచ్‌ సరిచూడాలి. మరో ఎస్‌ఎంపీఎస్‌ తగిలించి చూడమని మెకానిక్‌ని అడిగితే తప్పెక్కడో తేలిపోతుంది. ఆపైన మూడు సంగతులు రాసుకోవాలి. ఒకటి, కంప్యూటర్‌ మోడల్‌తోపాటు ఎస్‌ఎంపీఎస్‌ లేబుల్‌ మీది పార్ట్‌ నంబరు. రెండు, స్కేలుతో కొలిచిన పొడవు, వెడల్పు, ఎత్తు. మూడు, ప్రతి కనెక్టర్‌కీ ఎన్ని పిన్నులో. పాతదాన్నే పట్టుకెళ్తే మరీ మంచిది. సికింద్రాబాద్‌ సీటీసీ లాంటి కంప్యూటర్‌ బజార్లలో అదే పార్ట్‌ నంబరుది అడగొచ్చు. కనెక్టర్‌ మార్చే కేబుళ్లు కూడా దొరుకుతాయి కానీ, అవి సరిగ్గా ఆ మోడల్‌ కోసం చేసినవే కావాలి.

వాట్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఎక్కువ వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందన్నది అపోహే. కంప్యూటర్‌ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

బిగించేదిలా!

ప్లగ్గు తీసేసి, పవర్‌ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి. పక్క మూత తీశాక ఏ తీగ ఎక్కడుందో సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోవాలి. కనెక్టర్‌ మీది చిన్న క్లిప్పు నొక్కి లాగాలే తప్ప తీగలు పట్టుకుని లాగకూడదు. ఎస్‌ఎంపీఎస్‌ని ఓ చేత్తో పట్టుకుని స్క్రూలు విప్పాలి, లేదంటే బోర్డుమీద పడుతుంది. కొన్ని క్యాబినెట్లలో స్క్రూలతోపాటు లోపల నొక్కే మీట కూడా ఉంటుంది. కొత్తది పెట్టాక మదర్‌బోర్డు కనెక్టర్‌, ప్రాసెసర్‌ పక్కనుండే 4 లేదా 8 పిన్నులది, హార్డ్‌డిస్క్‌ది... ఫొటో చూస్తూ వరసగా తగిలించాలి. నొక్కినా ఎక్కట్లేదంటే బలవంతం వద్దు.

తీగలు విడిగా ఊడివచ్చే రకమైతే పాత కేబుళ్లను కొత్తదానికి వాడనే వాడకూడదు. ఎస్‌ఎంపీఎస్‌ వైపు తీగల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. తేడావస్తే హార్డ్‌డిస్క్‌ కాలి, అందులోని పెళ్లి ఫొటోలూ పిల్లల వీడియోలూ పోతాయి.

అమెరికా నుంచి తెచ్చుకున్న పాత డెస్క్‌టాప్‌ అయితే మరో జాగ్రత్త. కొన్నింటి వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్‌ ఉంటుంది. అది 115 మీదుండగా మన ప్లగ్గులో పెడితే 'ఠప్‌' మనడం ఖాయం.

అన్నిటికన్నా ముఖ్యం... ఎస్‌ఎంపీఎస్‌ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది కాబట్టి షాక్‌ ప్రాణాలమీదికి తేవచ్చు.

ఒక్క భాగం పనిచేయట్లేదని మొత్తం యంత్రాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేముందు, ఓ స్కేలూ స్క్రూడ్రైవరూ పట్టుకుని మూత తీసి చూడండి. మరికొన్నేళ్లు పనిచేసే కంప్యూటరే అక్కడ ఉండొచ్చు!