పడి లేచిన ఊరు — పాండిచ్చేరిలో నాలుగు రోజులు

వేసవిలో సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు గడిపి రావాలంటే మనవారిలో చాలామందికి ముందుగా తోచేది విశాఖపట్నం, కాకపోతే పూరీ. మేము ఈసారి ఆ రెండూ మాని పాండిచ్చేరికి పోయి వచ్చాము. మేమంటే దంపతులం ఇద్దరమే. మాలో ఒకరికి సముద్రమంటే మోజు. రెండవవారికి పాత ఇళ్ళన్నా, పాత కథలన్నా ప్రాణం. ఇద్దరికీ నచ్చే ఊరు ఏదా అని వెదికితే ఇదే తగిలింది. చెన్నపట్నం నుంచి తీరం వెంబడి పోయే రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్ల దూరం. ఉదయం బస్సెక్కితే భోజనాల వేళకు చేరవచ్చును.

2006లో ఊరి పేరు పుదుచ్చేరిగా మారింది. తమిళంలో ఆ మాటకు కొత్త ఊరు అని అర్థం. పాత పేరు మాత్రం జనం నోట ఇంకా పోలేదు.

మేము వెళ్ళినది మే నెలలో, కత్తిరి ఎండలలో. పదిగంటలు దాటితే వీధిలో కాలుపెట్టలేము. మధ్యాహ్నం తిరిగిన తరువాత సముద్రపు గాలి మొదలైతే ప్రాణం లేచి వస్తుంది. అందుచేత తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయలుదేరాలని, నడుమ భోజనం చేసి నిద్రపోవాలని ఏర్పాటు చేసుకున్నాము. వేసవిలో పోయేవారికి ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

మొదటి సాయంత్రం సముద్రానికి వెళ్ళాము. ఒడ్డున కిలోమీటరున్నర పొడవున చక్కని రహదారి. సాయంత్రం ఆరు మొదలు మరునాటి ఉదయం దాకా దాని మీదికి బండ్లను రానివ్వరు. పిల్లలు, ముసలివారు, కొత్త దంపతులు నిశ్చింతగా నడుస్తూ వుంటారు. నడుమ గాంధీ మహాత్ముని నిలువెత్తు విగ్రహం, దాని చుట్టూ ఎనిమిది రాతిస్తంభాలు. ఆ స్తంభాలను జింజి నుంచి తెచ్చినారని చెబుతారు. దగ్గరలోనే 1836లో వెలిగించిన పాత దీపస్తంభం. అన్నీ బాగానే వున్నవి. కాని ఒడ్డున చాలామేర ఇసుక లేదు! నల్లని బండరాళ్ళ గుట్టలు, వాటికి కొట్టుకునే అలలు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలో నిలుద్దామనుకున్న మనిషికి ఎంత నిరాశ!

అక్కడ కూర్చుని వున్న ఒక ముసలి జాలరిని అడిగాము. “ఇక్కడే మా పడవలు ఒడ్డుకు లాగేవాళ్ళం. ఇసుకలో పిల్లలు బంతులాడేవాళ్ళు” అన్నాడు. ఆ ఇసుక ఏమైనది? సంగతి ఇది. తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి వుండేది కాదు. సంవత్సరంలో ఎక్కువ నెలలు అలలు దానిని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ వుంటవి. పోయినంత ఇసుక వెనుకనుంచి వస్తూ వుంటేనే తీరం తీరంగా నిలుస్తుంది. 1980ల చివర ఊరికి దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే చోట, రేవు కోసం సముద్రంలోకి రెండు రాతిగట్లు కట్టారు. ఇసుక ఆ గట్టుకు దక్షిణాన ఆగి మేట వేసింది. ఉత్తరాన వున్నది వున్నట్లు కొట్టుకుపోయింది. ఆగిన ఇసుకను తోడి అవతలికి పంపవలసిన పని సరిగా సాగలేదు. ఊరిని కాపాడడానికి ఒడ్డున బండలు పోశారు. అయితే కోత ఆగలేదు, ఉత్తరాన వున్న జాలరి పల్లెల మీదికి పోయింది.

తరువాత 2018లో సముద్ర సాంకేతిక సంస్థవారు నీటి అడుగున ఇనుముతో ఒక పెద్ద దిబ్బ వంటి కట్టడం దింపారు. అలల జోరు తగ్గి, సచివాలయం ఎదుట ఇసుక మళ్ళీ చేరింది. మరునాటి తెల్లవారుజామున మేము అక్కడికే పోయి తనివితీరా పాదాలు తడుపుకున్నాము. పోయినదనుకున్న తీరం కొంతైనా తిరిగి వచ్చింది! ఉత్తరపు పల్లెలవారికి మాత్రం ఆ భాగ్యం ఇంకా పూర్తిగా దక్కలేదు.

పోవడం, మళ్ళీ రావడం ఈ ఊరికి కొత్త కాదని ఆ తరువాత వీధులు తిరుగుతుంటే తెలిసింది. 1674 నుంచి ఫ్రెంచివారు ఇక్కడ స్థిరపడ్డారు. వారికీ ఇంగ్లీషువారికీ జరిగిన పోరులో 1761 జనవరిలో ఊరు ఇంగ్లీషువారి వశమైనది. వారు కోటను, ఇళ్ళను నేలమట్టం చేశారు. నాలుగేళ్ళకు ఊరు తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చింది. పాత వీధుల గీతల మీదనే మళ్ళీ ఇళ్ళు లేపారు. ఈనాడు మనం చూసే పసుపుపచ్చని గోడలు, కాగితపు పూలతీగలు ప్రాకిన ప్రహరీలు, ఎత్తైన తలుపులు అన్నీ ఆ తరువాతివే. కాలువకు తూర్పున ఇవి, పడమట తమిళుల ఇళ్ళు. అరుగులు, చెక్క స్తంభాలు, నడుమ వాకిలి చూస్తే మన ఇళ్ళే గుర్తుకు వస్తవి.

పడమటి వైపునే, పెద్ద బజారుకు దగ్గరలో, ఆనందరంగ పిళ్ళై ఇల్లు వుంది. క్రింద చెక్క స్తంభాలతో మన పద్ధతి, పైన సున్నపు స్తంభాలతో ఫ్రెంచి పద్ధతి. ఆయన 1709లో పుట్టి, గవర్నరు డూప్లేకు దుబాసీగా వుండి, ఊరు పడిపోయిన ఆ 1761 జనవరిలోనే కన్నుమూశాడు. 1736 మొదలు చివరిదాకా తమిళంలో దినచర్య వ్రాశాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దర్బారులో మాటలు, శకునాలు అన్నీ అందులో వున్నవి. ఆ దినచర్య తరువాత పన్నెండు సంపుటాలుగా ఇంగ్లీషులోకి వచ్చింది.

తెలుగువారిగా మనం తెలుసుకోవలసినది మరొకటి వుంది. ఈ ఆనందరంగనికే కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చాడు. తెలుగు ఛందస్సును నేర్పే పుస్తకం, తమిళంలో దినచర్య వ్రాసుకున్న ప్రభువు పేరున, ఫ్రెంచివారి పట్నానికి చెందిన మనిషి ఆదరణలో వెలిసింది! ఊరి కోట పోయింది, పుస్తకం మిగిలింది. ఆ ఇంటి ఎదుట నిలబడి మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

కోట వున్న ప్రాంతంలోనే ఇప్పుడు భారతి పార్కు, దాని నడుమ తెల్లని ఆయి మండపం. దాని వెనుక కథలోనూ మనవారే వున్నారు. శ్రీకృష్ణదేవరాయలు ఈ వైపు వచ్చి, దీపాలతో వెలిగే ఒక భవనాన్ని దేవాలయమనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి పడగొట్టమన్నాడట. ఆమె తన ఇంటిని తానే పడగొట్టి, ఆ చోట ప్రజలకోసం చెరువు త్రవ్వించినదట. కథ ఎంతవరకు నిజమో గాని, మూడవ నెపోలియను కాలంలో ముత్తిరపాళయం నుంచి ఊరికి మంచినీళ్ళు తెచ్చినప్పుడు ఆమె పేరుమీద కట్టినది ఈ మండపం. ఇల్లు పోయింది, నీళ్ళు మిగిలినవి.

నాలుగవ ఉదయం సముద్రపు ఒడ్డున మేరీ అనే పురపాలక భవనాన్ని చూచాము. పంతొమ్మిదవ శతాబ్దపు కట్టడం. మరమ్మతు లేక పాడుబడి 2014 నవంబరు వానలలో కుప్పకూలింది. ఏ సిమెంటు డబ్బానో కట్టి వూరుకోక, వెనుకటి రూపంలోనే తిరిగి నిలబెట్టారు. తెలియనివారు దానిని చూచి ఎన్నడూ పడలేదనే అనుకుంటారు.

యానాంలోని మన పాఠకులకు ఈ ఊరు పరాయిది కాదు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన వదిలించుకుంది. ఆ నవంబరు 1న పాండిచ్చేరి మన దేశపు పాలనలోకి వచ్చింది. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమైనా నేటికీ యానాం పరిపాలన ఇక్కడినుంచే. ఇక్కడి శాసనసభలో యానాంకు ఒక స్థానం వున్నది. తెలుగు అక్కడి అధికార భాషలలో ఒకటి.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. పాత వీధులను కాలినడకనే చూడండి. అరవింద ఆశ్రమంలో సమాధి దగ్గర కాసేపు మౌనంగా కూర్చోండి. అరికమేడు పోతే కంటికి కనిపించేది తక్కువ. 1945లో వీలరు అక్కడ త్రవ్వించగా దొరికిన రోమను కుండపెంకులు, పూసలవంటి వస్తువులు ఊళ్ళోని మ్యూజియంలో చూస్తే మంచిది. ఉదయం పొడుగు ఫ్రెంచి రొట్టె, సాయంత్రం ఇడ్లీ సాంబారు రెండూ ఈ ఊళ్ళో రుచిగానే వుంటవి.

తరాలనాడు ఇల్లు వదలి పరాయి నేల మీద నిలబడిన మనబోటి కుటుంబాలకు ఈ ఊరు చెప్పే మాట ఒకటి వున్నది. ఏదీ తనంతట తాను నిలిచి వుండదు. ఇసుకైనా, ఇల్లైనా, భాషైనా, పోయినంత వెనుకనుంచి వస్తూ వుండాలి. వచ్చేందుకు ఎవరో ఒకరు పూనుకోవాలి. పాండిచ్చేరిలో పూనుకున్నచోట తిరిగి వచ్చింది, పూనుకోనిచోట పోయింది. వచ్చే వేసవిలో వీలుంటే పిల్లలను కూడా వెంటబెట్టుకొని వెళ్ళి రావలసినదని మా మనవి. ఆనందరంగుని ఇంటి ముందు నిలబెట్టి ఆ తెలుగు పుస్తకం సంగతి వారికి తెలుగులోనే చెప్పండి.