నయం కాదన్న తర్వాత కూడా సేవ ఉంది

"ఇక చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి." క్యాన్సర్ ముదిరిన రోగుల కుటుంబాలు తరచూ వినే మాట ఇది. మాతో పనిచేసి రిటైరైన ఒక మాస్టారి విషయంలో మేమూ విన్నాము. ఆయనకు నోటి క్యాన్సర్. రాత్రిళ్ళు నిద్ర లేదు. పుండు వాసనకు మనవలు గదిలోకి వచ్చేవారు కాదు. ఆయన నోరు తెరవలేరని తెలిసీ మేము పండ్లు పట్టుకెళ్ళి, దువా చేసి, తల వంచుకుని తిరిగి వచ్చేవాళ్ళం.

కొన్నాళ్ళకు ఒక నర్సు ఆ ఇంటికి రావడం మొదలుపెట్టింది. నయం చేసే వైద్యం ఆగినచోట సేవ ఆగదని అప్పుడు మాకు తెలిసింది. దీన్నే పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన సేవ అంటారు. చివరి రోజుల్లో రోగిని ఉంచుకుని ఈ సేవ చేసే చోటు హాస్పిస్. దీనికి ఆధునిక రూపం ఇచ్చిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాతే డాక్టరు. 1967లో ఆమె లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. బాధ ఒంట్లోనే కాదు, మనసులోనూ కుటుంబంలోనూ విశ్వాసంలోనూ ఉంటుందని ఆమె బోధించారు.

నొప్పి

నర్సు మొదట అడిగేది, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని. రోగి చెప్పిన అంకెను నమ్మాలి. నొప్పి ముదిరే దాకా ఆగకుండా, గడియారం చూసి వేళకు మందు ఇవ్వాలి. మార్ఫిన్ పేరు వింటే అలవాటు పడతారని మనకు భయం. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది వ్యసనంగా మారడం అరుదు. దానితో మలబద్ధకం వస్తుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందూ తోడుగా ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణ ఆ దారిని కొంత సులభం చేసింది.

ఒళ్ళు, నోరు, పుండు

మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే ఒరుపు పుండ్లు పడకుండా కాపాడవచ్చు. నోటిని తడిగుడ్డతో శుభ్రం చేస్తూ ఉండాలి. డాక్టరు సలహాతో మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి పుండుపై చల్లితే వాసన తగ్గుతుంది. మాస్టారి గదిలో అలాగే తగ్గింది. మనవలు మళ్ళీ వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఆయాసపడేవారిని ఆనించి కూర్చోబెట్టి, ముఖానికి ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. చివరి రోజుల్లో ఆకలి పోవడం సహజం. బలవంతంగా తినిపిస్తే పొలమారే ప్రమాదం ఉంది.

మనసు, కుటుంబం

"మీకేం కావాలి సార్?" అని నర్సు అడిగితే, ఫజర్ నమాజు వేళకు తెలివిగా ఉండాలని మాస్టారు కాగితం మీద రాశారు. డాక్టరుతో మాట్లాడి మందు వేళలు మార్చారు. కట్టు కట్టడం ఆయన భార్యకు నేర్పారు. ఆయన పోయాక కూడా నర్సు వచ్చి ఆమెను పలకరించింది. అదీ ఈ సేవలో భాగమే.

మన వంతు

కేరళలోని కోళికోడ్‌లో 1993లో ఒక పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది. ఆ స్ఫూర్తితో మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలతో రోగుల ఇళ్ళకు వెళ్తున్నారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, స్పర్శ్ హాస్పిస్‌లోనూ ఈ సేవ ఉంది.

మన దాతలు ఆపరేషన్లకు ఉదారంగా ఇస్తారు. ఇక్కడ కావలసింది నర్సు జీతం, ఆమె బండికి పెట్రోలు, గాలి పరుపులు, దూది, కట్టుగుడ్డలు. వీటిమీద దాత పేరు రాయడానికి చోటుండదు. కానీ ఒక ఇంట్లో ఆ రాత్రి అందరూ నిద్రపోతారు. మీ వీధిలో మంచం పట్టినవారు ఉంటే, ఈసారి చూడటానికి వెళ్ళినప్పుడు నొప్పి ఎంత ఉందని అడగండి. ఆ జవాబును డాక్టరుకో నర్సుకో చేర్చండి.